సున్నా బిల్లు వచ్చే ఇంటికి 28 వాట్ల ఫ్యాన్ ఎందుకంటే

"పేదలకు 200 యూనిట్లు ఫ్రీ. ఇక తక్కువ కరెంటు తినే ఫ్యాన్లు, బల్బులు కూడా మన పన్నులతో కొనిపెట్టాలా?" ఈ వాట్సాప్ మెసేజ్ అపార్ట్‌మెంట్ గ్రూపులో వచ్చింది, పదో తరగతి బ్యాచ్ గ్రూపులో వచ్చింది, చివరికి మా బాబాయి కూడా పంపాడు. కింద ఐదు పాయింట్లు, ప్రతిదాని పక్కనా ఎర్ర టిక్కు.

ఎల్ఈడీ వెలుగు కళ్లు పోగొడుతుందట. ఆ సంగతి మీరు చదివింది కూడా ఎల్ఈడీ వెలుగులోనే. తర్వాతది చూద్దాం.

ఇంటి కప్పు వేడెక్కకుండా వేసే కూల్ రూఫ్ అంటే వట్టి తెల్ల పూతేనట. అవును, తెల్ల పూతే. మే నెల మధ్యాహ్నం రేకుల కింద ఒక గంట పడుకుని లేచి, అప్పుడు 'వట్టి' అనండి.

ఎల్ఈడీ బల్బుల పథకం దండగట. 2014 మొదట్లో ఒక్కో బల్బు 310 రూపాయలకు కొన్న కేంద్ర ప్రభుత్వ సంస్థ ఈఈఎస్ఎల్, కోట్ల సంఖ్యలో కొనేసరికి 2016లో 38 రూపాయలకు తెచ్చింది. ఇవాళ కిరాణా కొట్టులో బల్బు చవగ్గా దొరకడం వెనక ఆ 'దండగ' కూడా ఉంది.

పొదుపు ఫ్యాన్ ఇస్తే రోజంతా తిప్పుతారట. తిప్పనివ్వండి. తక్కువ కరెంటుతో తిరిగే కొత్త రకం మోటారున్న 28 వాట్ల బీఎల్‌డీసీ ఫ్యాన్ 24 గంటలు తిరిగినా, పాత 75 వాట్ల ఫ్యాన్ తొమ్మిది గంటల్లో తినే కరెంటు తినదు.

ఇక అసలు పాయింటు: కరెంటు ఫ్రీ అయినవాడికి పొదుపెందుకు? ఇది రాసినవారికి ఈ ఫ్రీ కరెంటు పథకం, గృహజ్యోతి, ఎలా నడుస్తుందో తెలియదనుకోవాలి. తెలంగాణలో నెలకు 200 యూనిట్ల లోపు వాడితేనే సున్నా బిల్లు. దాటితే దాటిన యూనిట్లకే కాదు, మొత్తానికీ కట్టాలి. 220 వాడిన ఇంటికి మొదటి 200కు 5.10 చొప్పున, పై 20కి 7.70 చొప్పున 1,174 రూపాయలు, మిగతా ఛార్జీలు కాక. రెండు పాత ఫ్యాన్లు రోజుకు 16 గంటలు తిరిగితే నెలకు 72 యూనిట్లు. వాటి చోట బీఎల్‌డీసీవి ఉంటే 27. ఆ 45 తగ్గితే 220 కాస్తా 175 అవుతుంది, బిల్లు సున్నా అవుతుంది. ఒకే మీటరు మీద మూడు పోర్షన్లు నడిచే బస్తీ ఇళ్లలోనైతే 200 దాటడానికి మే దాకా ఆగక్కర్లేదు.

సరే, ఎప్పుడూ 120 దాటని ఇల్లుందనుకుందాం. ఆ ఇల్లాలు మూడు వేలు పెట్టి ఈ ఫ్యాన్ కొనదు, కొనకూడదు కూడా. ఆమెకు పైసా తిరిగి రాదు. మెసేజ్‌లో ఈ లెక్క ఒక్కటీ కరెక్టే. కానీ సున్నా బిల్లంటే ఆ కరెంటు ఆకాశంలోంచి ఊడిపడిందని కాదు కదా మహానుభావా! కరెంటు సరఫరా చేసే కంపెనీకి, అంటే డిస్కంకు, ప్రభుత్వం కడుతోంది, మీరు గుండెలు బాదుకుంటున్న ఆ పన్నులతోనే. ఎండాకాలం సాయంత్రాలు డిస్కంలు కరెంటు కొనుగోళ్లు, అమ్మకాలు జరిగే ఎక్స్ఛేంజీలో యూనిట్ పది రూపాయల దాకా పెట్టి కొంటాయి. ఆ ఇంట్లో తగ్గే ప్రతి యూనిట్టూ ఖజానాకు మిగిలేదే. లాభం ఖజానాది అయినప్పుడు ఫ్యాన్‌కు పెట్టుబడి ఆమె ఎందుకు పెట్టాలి? మీ పన్నుల మీద మీకు నిజంగా అంత ప్రేమ ఉంటే, ఆ ఫ్యాన్ మీరే భుజాన మోసుకెళ్లి బిగించి రావాలి.

మెసేజ్ పట్టుకోని లోపం ఒకటి ఉంది, అది నేనే చెప్తాను. పాత ఫ్యాన్ ఆగితే వీధి చివర మెకానిక్ కండెన్సర్ మార్చి సాయంత్రానికి తిప్పేస్తాడు. బీఎల్‌డీసీ ఫ్యాన్‌లో ఎలక్ట్రానిక్ బోర్డు పోతే చాలా ఊళ్లలో దాన్ని బాగుచేసేవాడే ఉండడు. వోల్టేజి ఎగిరిపడే చోట బోర్డులు పోతాయి కూడా. బోర్డు పోయిన ఫ్యాన్ అటకెక్కుతుంది, పాత 75 వాట్లదే మళ్లీ దిగుతుంది, పెట్టిన ప్రభుత్వ డబ్బు అక్కడితో సరి. కాబట్టి టెండరులో ధర ఒక్కటే చూస్తే కుదరదు. బోర్డు పోతే మండల కేంద్రంలోనే మార్చిచ్చే షరతు పెట్టాలి, ఆ మెకానిక్‌లకు బోర్డు పని నేర్పించే ఖర్చు కూడా అందులోనే కలపాలి.