రెఫర్ చీటీ కంటే ముందు మొదటి డోసు

ఉదయగిరి నుంచి నెల్లూరుకు, మార్కాపురం నుంచి ఒంగోలుకు రోడ్డు మీద సుమారు 100 కిలోమీటర్లు. 108 ఎంత తొందరగా కదిలినా దాదాపు రెండు గంటల ప్రయాణం. గుండెపోటు విషయంలో ఈ దూరానికి మన రాష్ట్రం ఒక దారి కనిపెట్టింది. ఏరియా ఆసుపత్రిలోనే ఈసీజీ తీసి పెద్దాసుపత్రి కార్డియాలజిస్టుకు పంపుతారు. ఆయన సరేనంటే గడ్డ కరిగించే టెనెక్టెప్లేస్ ఇంజెక్షన్ అక్కడికక్కడే ఉచితంగా వేసి, ఆ తర్వాతే బండి ఎక్కిస్తారు. అదే క్యాజువాలిటీకి ఇన్ఫెక్షన్ ముదిరి అవయవాలు దెబ్బతినే సెప్సిస్‌తో వచ్చిన మనిషికి చాలాచోట్ల దక్కేది ఒక సెలైన్ సీసా, ఒక జ్వరం ఇంజెక్షన్, ఒక రెఫర్ చీటీ. యాంటీబయాటిక్ సంగతి పైన చూసుకుంటారులే అన్న ధీమాతో బండి కదులుతుంది. ఆ ధీమా ప్రాణాలు తీస్తోంది. మొదటి డోసు పడకుండా సెప్సిస్ రోగిని ఏ ఆసుపత్రీ గేటు దాటించకూడదన్నది మా వాదన.

ఇన్ఫెక్షన్ మీద శరీరం చేసే ఎదురుదాడి అదుపు తప్పి కిడ్నీలను, ఊపిరితిత్తులను, మెదడును దెబ్బతీయడం మొదలుపెడితే దాన్ని సెప్సిస్ అంటున్నాం. 2016లో అంతర్జాతీయ నిపుణులు ఖరారు చేసిన నిర్వచనం సారం ఇదే. ఈ దశలో ఆసుపత్రిలో చేరినవారిలో సుమారు 10 శాతం మంది చనిపోతారని అప్పటి లెక్క. తగినంత ద్రవం ఎక్కించినా సగటు రక్తపోటు 65 దగ్గర నిలవడానికి బీపీ పెంచే మందు డ్రిప్పు అవసరమై, రక్తంలో లాక్టేట్ (ఒంటికి రక్తం సరిగా అందకపోతే పెరిగే పదార్థం) లీటరుకు 2 మిల్లీమోల్స్ దాటితే అది సెప్టిక్ షాక్. అక్కడ మరణాలు 40 శాతం పైనే. ప్రపంచం మొత్తం మీద 2017లో 4.89 కోట్ల మందికి సెప్సిస్ వచ్చిందని, 1.1 కోట్ల మంది చనిపోయారని అంచనా. ఆ ఏడాది సంభవించిన ప్రతి ఐదు మరణాల్లో ఒకటి దీనిదే.

కాలం విలువను 2006లో వచ్చిన ఒక అధ్యయనం గట్టిగా చూపించింది. సెప్టిక్ షాక్ రోగుల్లో బీపీ పడిపోయాక మొదటి ఆరు గంటల్లో సరైన యాంటీబయాటిక్ ఒక్కో గంట ఆలస్యమైన కొద్దీ బతికే అవకాశం సగటున 7.6 శాతం తగ్గుతూ వచ్చింది. షాక్ లేనివారిలో నష్టం ఇంత తీవ్రంగా ఉండదని తర్వాతి పరిశీలనలు తేల్చాయి. అందుకే 2021 నాటి అంతర్జాతీయ మార్గదర్శకాలు షాక్ ఉన్నవారికి, సెప్సిస్ దాదాపు ఖాయమనిపించినవారికి గంటలోపు యాంటీబయాటిక్ వేయమంటున్నాయి. షాక్ లేకుండా అనుమానం మాత్రమే ఉంటే త్వరగా పరీక్షలు చేసి, అనుమానం తీరకపోతే 3 గంటల్లోపు వేయమంటున్నాయి. మార్కాపురం రోగికి ఈ గడువులో ఎక్కువ భాగం రోడ్డు మీదే అయిపోతుంది.

అసలు చిక్కు గుర్తుపట్టడంలోనే మొదలవుతుంది. 104 డిగ్రీల జ్వరంతో వణుకుతూ వచ్చిన కుర్రాడిని ఎవరైనా పట్టించుకుంటారు. షుగరు ఉన్న 65 ఏళ్ల పెద్దావిడ జ్వరం లేకుండా వస్తుంది. "రెండు రోజులుగా నీరసం, అన్నం సయించడం లేదు, రాత్రి నుంచి పొంతన లేకుండా మాట్లాడుతోంది" అంటారు ఇంట్లోవాళ్లు. అది సెప్సిస్ అని తట్టేసరికి మధ్యాహ్నం అవుతుంది. ఇలా అస్పష్టమైన లక్షణాలతో వచ్చినవారికే యాంటీబయాటిక్ ఆలస్యంగా అందుతుంది, వారిలోనే మరణాలూ ఎక్కువ. వయసు మీద పడినవారిలో ఒళ్లు కాలిపోవడం కంటే చల్లబడటం మరింత చెడ్డ సూచన.

ఇక్కడ ఖర్చు లేని పరీక్ష ఒకటుంది: ఊపిరి లెక్కపెట్టడం. కేస్‌షీటులో శ్వాస రేటు గడి నింపడానికి రోగి ముఖం కూడా చూడకుండా 18 అనో 20 అనో రాసేసే అలవాటు ఎంతోకాలంగా పాతుకుపోయింది. గడియారం పెట్టుకుని నిండా ఒక నిమిషం ఛాతీ కదలికలు లెక్కించాలి. 22 లేదా అంతకంటే ఎక్కువ ఉంటే ఆగి ఆలోచించాలి. పై బీపీ 100 లేదా అంతకంటే తక్కువగా ఉండటం, కొత్తగా మొదలైన తికమక కూడా తోడైతే ముప్పు మరింత పెరిగినట్టే. అయితే ఈ మూడింటినే జల్లెడగా నమ్ముకుంటే కొందరు జారిపోతారని 2021 మార్గదర్శకాలే హెచ్చరించాయి. ఉష్ణోగ్రత, నాడి, ఆక్సిజన్ శాతం కూడా కలిపి మార్కులు వేసే న్యూస్-2 పట్టిక మేలు. మొత్తం 5 లేదా 6 వస్తే డాక్టరు వెంటనే చూడాలి, 7 లేదా అంతకంటే ఎక్కువైతే అత్యవసరం. ఒక పేజీ ప్రింటు తీసి గోడకు అంటిస్తే స్టాఫ్ నర్సు రెండు మూడు నిమిషాల్లో లెక్క తేల్చగలరు. లాక్టేట్ మిషను లేనిచోట వేలి కొనను 10 సెకన్లు గట్టిగా నొక్కి వదలండి. రంగు తిరిగి రావడానికి 3 సెకన్లకు మించి పడితే రక్తప్రసరణ దెబ్బతిన్నట్టే.

ఆసుపత్రి దాకా రాకముందు జరిగే నష్టం ఇంకొకటి. ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గర ఒక డెక్సామెథసోన్, ఒక డైక్లోఫెనాక్ ఇంజెక్షన్. సాయంత్రానికి జ్వరం దిగుతుంది, మనిషి లేచి కూర్చుంటాడు, ఇల్లంతా ఊపిరి పీల్చుకుంటుంది. లోపల ఇన్ఫెక్షన్ మాత్రం పెరుగుతూనే ఉంటుంది. మొదటి మందు షుగరును ఎగదోస్తుంది, రెండోది అసలే రక్తం సరిగా అందని కిడ్నీని దెబ్బతీస్తుంది. ఆర్‌ఎంపీలను తిట్టి ప్రయోజనం లేదు. అర్ధరాత్రి తలుపు తీసేది వాళ్లే. అందుకే వాళ్లను కూర్చోబెట్టి ఈ రెండు ఇంజెక్షన్ల సంగతి, ఊపిరి లెక్క సంగతి చెప్పాల్సిన బాధ్యత జిల్లా వైద్య యంత్రాంగానిది.

గుర్తుపట్టాక చేయాల్సింది పెద్ద చదువేమీ కాదు. రెండు చేతులకు రెండు లావు క్యాన్యులాలు (సెలైన్ ఎక్కించే గొట్టాలు) పెట్టాలి. గ్లూకోమీటరుతో షుగరు చూడాలి. తికమకకు షుగరు పడిపోవడమే కారణం కావచ్చు. బ్లడ్ కల్చర్ (రక్తంలో ఏ క్రిమి ఉందో తేల్చే పరీక్ష) సీసాలు ఉంటే రెండు వేర్వేరు చోట్ల నుంచి, ఒక్కో సీసాకు 8 నుంచి 10 మిల్లీలీటర్లు తీసి, ఆ తర్వాత యాంటీబయాటిక్ వేయాలి. కల్చర్ కోసం 45 నిమిషాలకు మించి ఆగకూడదు, సీసాలు లేవని మందు ఆపకూడదు.

ఏ మందు అన్నది మన నేలను బట్టి కూడా ఆలోచించాలి. అందరికీ సెఫ్ట్రియాక్సోన్ 2 గ్రాములు వేసి ఊరుకుంటే కుదరదు. పొలాల్లో, పొదల్లో తిరిగేవారికి వచ్చే స్క్రబ్ టైఫస్‌కు అది పనిచేయదు. డాక్సీసైక్లిన్ కావాలి. తీవ్రమైన కేసుల్లో డాక్సీసైక్లిన్‌కు అజిత్రోమైసిన్ కలిపితే ఫలితం మెరుగని మన దేశంలోనే జరిగి 2023లో ప్రచురితమైన ట్రయల్ తేల్చింది. స్క్రబ్ టైఫస్‌కు గుర్తుగా చంకలో, గజ్జల్లో, నడుము దగ్గర, రొమ్ము కింద నొప్పి లేని నల్లటి పొక్కు ఉందేమో బట్టలు తొలగించి వెతకాలి. పెన్నా డెల్టా వరి మళ్లలో దిగేవారికి కామెర్లు, కళ్లెర్రబారడం, పిక్కల నొప్పి ఉంటే లెప్టోస్పైరోసిస్ గుర్తుకు రావాలి. రొయ్యల చెరువు ఉప్పునీటిలో కాలికి గాయమై, గంటల్లో వాపు, రక్తపు బొబ్బలు లేస్తే, అందులోనూ కాలేయ జబ్బు ఉంటే, విబ్రియో అనే ఉప్పునీటి బ్యాక్టీరియాను అనుమానించి సర్జన్‌ను అప్పుడే పిలవాలి. షుగరు ఉన్న రైతుకు న్యుమోనియాతో పాటు కాలేయంలోనో ప్లీహంలోనో చీముగడ్డలు కనిపిస్తే మట్టిలోని బ్యాక్టీరియాతో వచ్చే మెలియాయిడోసిస్ కావచ్చు. దానికి సెఫ్టాజిడిమ్ గానీ మెరోపెనెమ్ గానీ కావాలి. మూత్రనాళ ఇన్ఫెక్షన్లలో సెఫ్ట్రియాక్సోన్‌కు లొంగని ఈ.కోలై బ్యాక్టీరియా మన దేశంలో ఇప్పుడు మామూలైపోయింది. కాబట్టి ఏరియా ఆసుపత్రి మందుల అల్మారాలో పైపరసిలిన్-టాజోబాక్టమ్, మెరోపెనెమ్ కనీసం మొదటి డోసులకు సరిపడా ఉండాలి. వాటిని ఎవరికి వాడారో రాసే రిజిస్టరూ ఉండాలి, లేదంటే రేపటికి ఆ మందులూ మిగలవు.

సెలైన్ దగ్గర రెండు వైపులా తప్పులు జరుగుతున్నాయి. బీపీ పడిపోయిన మనిషికి 5 శాతం గ్లూకోజ్ సీసా ఎక్కించి ద్రవం ఇచ్చామనుకోవడం ఒకటి. అది రక్తనాళాల్లో నిలవదు. రింగర్ లాక్టేట్ గానీ నార్మల్ సెలైన్ గానీ, కిలోకు 30 మిల్లీలీటర్ల చొప్పున మొదటి 3 గంటల్లో ఇవ్వవచ్చన్నది మార్గదర్శకం. 50 కిలోల మనిషికి 1,500 మిల్లీలీటర్లు, అంటే మూడు అరలీటరు సీసాలు. రెండో తప్పు, చూడకుండా ఎక్కిస్తూ పోవడం. జాంబియాలో బీపీ పడిపోయిన సెప్సిస్ రోగులకు ముందస్తుగా ఎక్కువ ద్రవం, బీపీ పెంచే మందులు, రక్తం ఇచ్చే పద్ధతిని పరీక్షిస్తే ఆ వర్గంలో 48 శాతం, మామూలు వైద్యం పొందినవారిలో 33 శాతం చనిపోయారని 2017లో వెల్లడైంది. వారిలో అత్యధికులు హెచ్‌ఐవీ ఉన్నవారు కాబట్టి ఆ అంకెలను యథాతథంగా మనకు అన్వయించలేం. వెంటిలేటర్ లేని వార్డులో ఊపిరితిత్తుల్లో నీరు చేరితే మాత్రం ఎక్కడైనా ఆదుకునేదేమీ ఉండదు. కనిగిరి, పామూరు వైపు నుంచి కిడ్నీ జబ్బుతో వచ్చేవారికి ఈ జాగ్రత్త మరీ ముఖ్యం. ఒక్కో సీసా అయ్యాక ఊపిరి, ఆక్సిజన్, ఊపిరితిత్తుల అడుగు శబ్దాలు, వేలికొన రంగు మళ్లీ చూడాలి. మూత్రం గంటకు కిలోకు అర మిల్లీలీటరు రావాలి.

ద్రవంతో బీపీ నిలవకపోతే బీపీ పెంచే నోర్ అడ్రినలిన్ మొదలుపెట్టాలి. మెడలో లైను వేసే నిపుణుడు లేడని దాన్ని ఆపాల్సిన పని లేదు. మోచేతి మడతలోనో ఆపైనో మంచి నరం దొరికితే తాత్కాలికంగా అక్కడి నుంచే మొదలుపెట్టవచ్చని 2021 మార్గదర్శకాలు అనుమతించాయి. మందు బయటికి కారి చర్మం తెల్లబడుతోందేమో దారంతా గమనించాలి. పాత అలవాటుగా డోపమిన్ పెట్టడం మానుకోవాలి. దానివల్ల గుండె లయ తప్పే ప్రమాదం ఎక్కువ. చీముగడ్డ, కుళ్లిన కాలు, రాయి అడ్డుపడి చీము పట్టిన కిడ్నీ ఉంటే మందులు ఒక్కటే చాలవు. వీలైనంత త్వరగా, గంటలు లెక్కపెట్టుకుని, చీము బయటికి తీయాలి. ఆ సౌకర్యం ఎక్కడుందో ఫోన్ చేసి తెలుసుకున్నాకే ఎక్కడికి పంపాలో నిర్ణయించాలి.

ఇల్లు చేరినవారి కథ కూడా అక్కడితో ముగియడం లేదు. పాశ్చాత్య దేశాల లెక్కల ప్రకారం ఆసుపత్రి నుంచి బయటపడినవారిలో సుమారు మూడోవంతు మంది ఏడాదిలోపు చనిపోతున్నారు. ఆరోవంతు మందికి మతిమరుపు, కండరాల బలహీనత వంటివి తీవ్రంగా మిగులుతున్నాయి. మన దగ్గర డిశ్చార్జి కాగితంలో "వారం తర్వాత రండి" అన్న ఒక్క వాక్యమే ఉంటుంది.

ఇక మన జిల్లాల సొంత లెక్క. మరణ ధ్రువీకరణ పత్రంలో "కార్డియో రెస్పిరేటరీ అరెస్ట్" అని రాస్తే గుండె, ఊపిరి ఆగాయని చెప్పినట్టే తప్ప ఎందుకు ఆగాయో చెప్పినట్టు కాదు. ఆసుపత్రి మరణాలకు వాడే ఫారం-4లో సెప్సిస్‌ను, దానికి మూలమైన ఇన్ఫెక్షన్‌ను వరుసగా రాయాలి. ఒక బాలింత చనిపోతే జిల్లా స్థాయిలో సమీక్ష జరుగుతుంది. రెఫర్ అయి వచ్చి 24 గంటల్లో చనిపోయిన ప్రతి సెప్సిస్ రోగి విషయంలో అలాంటి సమీక్షే జరగాలని మేం కోరుతున్నాం. అందుకు కావాల్సింది రెఫర్ చీటీ మీద నాలుగు సమయాలు: రోగి మొదటి ఆసుపత్రికి వచ్చింది ఎప్పుడు, మొదటి యాంటీబయాటిక్ ఏది, ఎన్నింటికి వేశారు, బండి ఎప్పుడు కదిలింది, పెద్దాసుపత్రిలో ఎప్పుడు దించారు. ఎక్కించిన ద్రవం ఎంతో కూడా అక్కడే రాయాలి. అక్టోబరులో ఈశాన్య రుతుపవనాలు మొదలయ్యేలోగా నెల్లూరు, ప్రకాశం కలెక్టర్లు ఈ చీటీని అన్ని ఏరియా ఆసుపత్రుల్లో, సీహెచ్‌సీల్లో తప్పనిసరి చేయాలి. రెండో సమయం ఖాళీగా ఉన్న చీటీ చూస్తే 108 బండిలోని ఈఎంటీ (అత్యవసర వైద్య సిబ్బంది) డ్యూటీ డాక్టరును అక్కడే అడిగే అధికారం రాతపూర్వకంగా ఇవ్వాలి.