సవరణ: ర్యాగింగ్ చట్టం ఐటీఐ పిల్లలకూ ఉంది

ఐటీఐ, పాలిటెక్నిక్‌లలో కొట్లాటల గురించి మొన్న రాసిన పోస్టులో "ర్యాగింగ్ చట్టం డిగ్రీ, ఇంజనీరింగ్ కాలేజీలకే" అన్నాను. అది తప్పు, క్షమించండి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1997లో తెచ్చిన ర్యాగింగ్ నిషేధ చట్టం చదువు చెప్పే ఏ సంస్థకైనా, దాని హాస్టల్‌కైనా వర్తిస్తుంది. పాలిటెక్నిక్‌లకైతే సాంకేతిక విద్యను చూసే కేంద్ర సంస్థ ఏఐసీటీఈ 2009లో తెచ్చిన నిబంధనలు కూడా ఉన్నాయి.

ఇది చిన్న పొరపాటు కాదు. ఫిట్టర్ ట్రేడ్‌లో చేరిన మా తమ్ముడి చేత సీనియర్లు వాళ్ల జాబ్ పీసులు (ప్రాక్టికల్స్‌కి ఇచ్చే ఇనుప ముక్కలు) కూడా ఆకురాయితో అరగదీయించేవాళ్లు. అరచేతులు బొబ్బలెక్కి అన్నం కలుపుకోలేకపోయేవాడు. కాదన్న రోజు షెడ్డు వెనక్కి తీసుకెళ్లి కొట్టారు. "ఐటీఐలకు చట్టం ఎక్కడిదిలే" అని మేమూ ఊరుకున్నాం. నా పోస్టు చదివి ఇంకో ఇంట్లో అలా ఊరుకోకూడదు.

ఆ చట్టం ప్రకారం ఏడిపించినా, అవమానించినా 6 నెలల వరకు, గాయపరిస్తే 2 ఏళ్ల వరకు జైలు శిక్ష పడొచ్చు. ఫిర్యాదు అందినా ప్రిన్సిపాల్ పట్టించుకోకపోతే, ఆ నేరానికి ఆయనా తోడ్పడినట్టే లెక్క. అందుకే నోటిమాటగా చెప్పి వచ్చేయకండి. కాగితం మీద రాసిచ్చి, ఇంకో కాపీ మీద తేదీ, సంతకం తీసుకోండి.