ఆర్కిడ్లకు మన ఎండల్లో షేడ్‌నెట్ పందిరే మేలు

ఆర్కిడ్ల కోసం పెరట్లో నాలుగు వైపులా పాలిథీన్ షీటుతో మూసేసిన గది కట్టమని ఒక వ్యాసంలో రాశారు. ఊటీలో అయితే సరే. విజయవాడ, ఖమ్మం ఎండల్లో మే నెలలో ఆ గది పొయ్యే, మొక్కలు ఉడికిపోతాయి. దయచేసి అలా చెయ్యకండి.

మనకు కావాల్సింది పందిరి. 10 అడుగుల పొడవు, 8 అడుగుల వెడల్పు చాలు. ఎత్తు మాత్రం 10 అడుగులకు తగ్గించొద్దు, వేడిగాలి పైకి పోవాలి. జీఐ పైపులు (జింకు పూత ఉన్న ఇనుప పైపులు) అడుగున్నర లోతున కాంక్రీటుతో నిలపండి. డెండ్రోబియం రకం ఆర్కిడ్లకు 50 శాతం ఎండను ఆపే షేడ్‌నెట్ (నీడనిచ్చే వల), ఫెలనాప్సిస్ రకానికి 75 శాతం ఆపేది. వానాకాలంలో పైన మాత్రమే వాలుగా యూవీ షీటు (ఎండకు త్వరగా పాడవని ప్లాస్టిక్ షీటు), పక్కలు తెరిచే ఉండాలి. ఫెలనాప్సిస్ మొవ్వలో రాత్రంతా నీళ్లు నిలిస్తే కుళ్లిపోతుంది.

కుండీలో మట్టి అసలు వద్దు. బొగ్గు, పెంకు ముక్కలు, కొబ్బరి డొక్క ముక్కలు వెయ్యండి. డొక్కను 24 గంటలు నానబెట్టి, మూడుసార్లు నీళ్లు మార్చాలి. అందులోని ఉప్పు పోకపోతే వేరు కొనలు నల్లబడతాయి.

నీళ్లకు గడియారం చూడకండి, మొక్క వేళ్లు చూడండి. వెండి రంగులోకి తిరిగితే పొయ్యాలి, ఇంకా పచ్చగా ఉంటే ఆగాలి. బోరు నీటి టీడీఎస్ (నీటిలో కరిగిన లవణాల కొలత) 300 పీపీఎం దాటితే వాననీళ్లు కలపండి. 19:19:19 ఎరువు (నత్రజని, భాస్వరం, పొటాష్ సమానంగా ఉండేది) లీటరు నీటికి 1 గ్రాము, వారానికోసారి, అదీ వేళ్లు తడిపాకే. పొడి వేళ్ల మీద పోస్తే మాడిపోతాయి.