కొరియా ఫ్యాషన్ కె-పాప్‌తో పుట్టిందా?

ఈ మధ్య వాట్సాప్‌లో ఒక ఫార్వర్డ్ తెగ తిరుగుతోంది. "కొరియా వాళ్లకి సొంత బట్టల చరిత్రే లేదు. హాన్‌బోక్ చైనా కాపీ. ఇప్పటి ఫ్యాషనంతా కె-పాప్ కంపెనీలు ఇరవై ఏళ్లలో వండివార్చిన సరుకు" అని. హాన్‌బోక్ అంటే కొరియా వాళ్ల సంప్రదాయ దుస్తులు, కె-పాప్ అంటే అక్కడి పాప్ సంగీతం. మా ఫ్యామిలీ గ్రూపులోనే రెండుసార్లు వచ్చింది. ఇక ఊరుకోలేక రాస్తున్నా.

ముందు కాపీ సంగతి. సుమారు 1,500 ఏళ్ల కిందటి కొగుర్యో అనే ప్రాచీన కొరియా రాజ్యపు సమాధుల గోడల మీద బొమ్మలున్నాయి. వాటిలో నాట్యం చేసేవాళ్లు పైన చొక్కా, కింద పంట్లాం వేరువేరుగా తొడుక్కుని కనిపిస్తారు. హాన్‌బోక్‌కి మూలం ఈ జతే: పైన జొగొరి, కింద బాజి అనే పంట్లామో చిమా అనే పావడానో. తర్వాతి కాలంలో కొలువులో అధికారులు వేసుకున్నవి మింగ్ చైనా పద్ధతి అంగీలే, అది నిజం. అంతమాత్రాన హాన్‌బోక్ అంతా కాపీ అయిపోదు. పైజామా అన్న మాట పర్షియన్ నుంచి వచ్చిందని మన బీరువాలోవన్నీ ఇరాన్ బట్టలు అయిపోతాయా?

పోనీ హాన్‌బోక్ ఏమైనా ఒకేచోట ఆగిపోయిందా అంటే అదీ లేదు. జొసన్ రాజవంశం తొలినాళ్లలో నడుము దాకా వచ్చిన ఆడవాళ్ల జొగొరి 18వ శతాబ్దం చివరికి ఎంత కురచైందో షిన్ యున్‌బోక్ గీసిన సుందరి బొమ్మలో చూడండి. రొమ్ము దగ్గరే ఆగిపోయిన చొక్కా, ఒంటికి అతుక్కున్న చేతులు, కింద బుట్టలా ఉబ్బిన పావడా. సవరాల పిచ్చి ముదిరి యొంజో రాజు 1756లో వాటిని నిషేధించాల్సి వచ్చింది. అప్పటికి ఏ కె-పాప్ ఉందట?

ఇరవై ఏళ్ల లెక్క ఇంకా విడ్డూరం. డిజైనర్ నోరా నో సియోల్‌లో ఫ్యాషన్ షో పెట్టింది 1956లో. మరో డిజైనర్ ఆంద్రే కిమ్ షో పెట్టడానికి పారిస్ వెళ్లింది 1966లో. మరుసటేడే గాయని యూన్ బోక్‌హీ మినీస్కర్టు సంచలనమైంది. 70లలో పోలీసులు స్కేళ్లు పట్టుకుని వీధుల్లో స్కర్టుల పొడవు కొలిచారు.

కె-పాప్ చేసిందేమీ లేదని అనను. కె-పాప్ గాయని జెన్నీ ఫ్రాన్స్ ఫ్యాషన్ కంపెనీ షనెల్‌కి ప్రచారకర్త అయింది, 2023లో ఇటలీ కంపెనీ గూచీ ఏకంగా సియోల్‌లోని గ్యోంగ్‌బొక్‌గుంగ్ రాజప్రాసాదంలో షో పెట్టింది. కానీ "కంపెనీలు వండిన సరుకు" అన్న ముక్క చదివితే మాత్రం ఒళ్లు మండుతుంది. సియోల్ దోంగ్‌దేమున్‌లో ప్యోంగ్వా మార్కెట్ ఉంది. 60లలో దేశానికి రెడీమేడ్ బట్టలు కుట్టిపెట్టిన చోటు. ఒక్కో గదిని అడ్డంగా రెండంతస్తులు చేసి, నిటారుగా నిలబడలేని అటకల మీద ఆడపిల్లల్ని కూర్చోబెట్టి కుట్టించేవారు. అక్కడే గుడ్డలు కత్తిరించే జొన్ తేఇల్ తన బస్సు డబ్బులతో ఆ పిల్లలకి చిన్న రొట్టెలు కొనిపెట్టి, రాత్రి ఇంటికి నడిచి వెళ్లేవాడు. కార్మిక చట్టం అమలు చేయమని అడిగి అడిగి, 1970 నవంబర్ 13న ఒంటికి నిప్పంటించుకున్నాడు. వయసు 22. ఆ మార్కెట్ ముందు, చొంగ్యేచొన్ కాలువ వంతెన మీద ఇప్పుడతని విగ్రహం ఉంది. చుట్టుపక్కల హోల్‌సేల్ దుకాణాలు ఇప్పటికీ రాత్రుళ్లే తెరుస్తారు. తెల్లారేలోపు మూటలు ఊళ్లకి బయల్దేరతాయి.