పిల్లల కథలో పెద్దవాళ్ళ పెన్ను ఎందుకండీ?

ఇప్పుడే ఇంటికొచ్చాను. కోపం తగ్గేదాకా ఆగితే రాయను, అందుకే ఇప్పుడే రాసేస్తున్నా.

చెన్నై పెరంబూర్‌లో మేం నాలుగైదు తెలుగు కుటుంబాలవాళ్ళం కలిసి, పిల్లల కథలు రాసే ఒక రచయిత్రిని పిలిచాం, మా పిల్లల చేత కూడా కథలు రాయిస్తారని. ఎంత ఓపికండీ ఆవిడకి! రూల్సు చెప్పలేదు, నోట్సు ఇవ్వలేదు. "మీ ఇంట్లో ఎవరూ పట్టించుకోని వస్తువు పేరు చెప్పండి" అన్నారు. ఒకడు విరిగిన గొడుగు అన్నాడు, ఒక పాప ప్లాస్టిక్ బిందె అంది. "సరే, అందరూ పడుకున్నాక అదేం చేస్తుందో రాయండి." అంతే. బడిలో తెలుగు ఊసే లేని పిల్లలు, ఒత్తులు తప్పినా, మాట దొరకనిచోట తమిళం వేసుకునైనా, తలెత్తకుండా రాశారు.

ఆ పాప రాసింది చదివి నాకు నోట మాట రాలేదు. లారీ నీళ్ళ కోసం లైన్లో నిలబడీ నిలబడీ విసుగొచ్చిన బిందె రాత్రికి రాత్రి మెరీనాకి పోయి, ఇన్ని నీళ్ళు పెట్టుకుని మా వీధికి ఒక్క చుక్క ఇవ్వవా అని సముద్రంతో గొడవ పెట్టుకుంది. తేలేదాకా ఇంటికి రానని అక్కడే కూర్చుంది. 2019 ఎండాకాలంలో చెరువులెండిపోయి ఈ ఊరు పడ్డ అవస్థ చూసిన ఎవరికైనా ఆ కోపం అర్థమవుతుంది.

వెనక కూర్చున్న వాళ్ళ నాన్న లేచొచ్చారు. "నీతి ఏదమ్మా? ఇలా ముగిస్తే ఎలా?" అని పెన్ను లాక్కుని, చివరి నాలుగు లైన్లు కొట్టేసి, బిందె ఇంటికి తిరిగొచ్చి నీటిని పొదుపు చేయాలని అందరికీ చెప్పింది అని రాశారు. కాసేపటికి రచయిత్రి గట్టిగా చదవమంటే ఆ పిల్ల నోట్‌బుక్ మూసేసి "ఇది నేను రాసింది కాదు మేడమ్" అంది. నా కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

ఇదే మద్రాసులో 1945లో రేడియో అన్నయ్య న్యాయపతి రాఘవరావు గారు 'బాల' పత్రిక పెట్టారు. ముళ్ళపూడి వెంకటరమణ గారు బడిపిల్లాడిగా ఉన్నప్పుడు రాసిన కథ అందులోనే అచ్చయింది. 1947లో 'చందమామ' పుట్టిందీ ఈ ఊళ్ళోనే. పిల్లాడు రాసింది అచ్చు వేసిన ఊరు ఇది, ఇప్పుడు పిల్ల రాసింది కొట్టేస్తున్నాం.

ఆ నాన్నగారొక్కరినే అనను. ఇక్కడి మన తెలుగు సంఘాలు చేసింది కూడా ఇదే. ఉగాదికి వ్యాసరచన పోటీ పెడతారు, విషయం మాతృభాష గొప్పదనం. పదేళ్ళ పిల్లకి దాని గురించి ఏం తెలుస్తుంది? అమ్మ రాసిచ్చింది బట్టీ పట్టి వస్తుంది, బాగా బట్టీ పట్టినదానికి ప్రైజు. తర్వాత రాత్రి దాకా శాలువాలు, సన్మానాలు, పిల్లలు కుర్చీల్లోనే నిద్రపోతారు. ఆ శాలువాల డబ్బుతో ఒక బీరువా నిండా కథల పుస్తకాలు వస్తాయని ఎన్నిసార్లు చెప్పానో! ఇవాళ్టికీ మా పిల్లలకి తెలుగు కథల పుస్తకం కావాలంటే విజయవాడ వెళ్ళినప్పుడు మోసుకొస్తున్నాం.

2006 చట్టంతో బడుల్లో తమిళం తప్పనిసరి చేశారు, అందుకే తెలుగు పోయింది అని ప్రతి సభలో మైకు పట్టుకుని బాధపడతారు. ఆ బాధ నాకూ ఉంది. కానీ ఇవాళ ఆ పిల్ల రాసిన నాలుగు లైన్లు కొట్టేసింది ఏ ప్రభుత్వమండీ?

తప్పులుంటే ఉండనివ్వండి. ఒత్తు తర్వాతైనా దిద్దుకోవచ్చు, ఇంక రాయనని కూర్చున్న పిల్లని ఎవరు లేపుతారు?

రచయిత్రి గారు మళ్ళీ వస్తానన్నారు, అంత జరిగాక కూడా. ఈసారి తల్లిదండ్రులంతా కింద పార్కింగ్‌లోనే కూర్చోవాలి, టీ, కుర్చీలు నా బాధ్యత. పైకి వస్తానంటే మాత్రం గుమ్మం దగ్గర నేనే ఉంటా.