వేదిక పెంచండి, హాలు తగ్గించండి

పరాయి ఊళ్లకు టౌన్‌హాళ్లు సమకూర్చడం విజయనగరానికి పూర్వులనుంచి వచ్చిన విద్య. కాశీలో టౌన్‌హాలు కట్టించింది మన మహారాజావారే. మద్రాసు టౌన్‌హాలుకు, అంటే తరువాత విక్టోరియా పేరు పెట్టుకున్న ఎర్ర ఇటుకల భవనానికి, 1883లో శంకుస్థాపన చేసింది మన ఆనంద గజపతి. 1897లో అక్కడ వివేకానందుడు మాట్లాడితే జనం విన్నారు. మన ఊళ్లోనే 1892లో కన్యాశుల్కం తొలిసారి ఆడినప్పుడూ నటులు పైన, చూసేవాళ్లు కింద. పాతకాలం వాళ్లు, పాపం, వాళ్లకు అంతకుమించి తోచలేదు.

ఇప్పుడు ఒక పుస్తకావిష్కరణ సభ సంగతి చూడండి. ఆరు గంటలకని ఆహ్వానపత్రిక, అంటే ఏడున్నరకు. అధ్యక్షుడు, ముఖ్య అతిథి, విశిష్ట అతిథి, ఆత్మీయ అతిథి, ఆవిష్కర్త, తొలిప్రతి స్వీకర్త, దాత, దాతగారి బావమరిది వేదికనలంకరిస్తారు. పిలవకపోతే నొచ్చుకునే పెద్దలు మరికొందరు ఉంటారు. మర్యాద తెలిసిన ఊరు కనుక వారినీ పైకి పిలుస్తారు. ఇక కింద మిగిలేది కవిగారి భార్య, ఆవిడ చెల్లెలు, టిఫిను ఉందని విన్న ఇద్దరు విశ్రాంత ఉద్యోగులు.

అసలు కార్యక్రమం శాలువా. అది భుజం దాకా వచ్చేలోపు ఫొటోగ్రాఫర్ "ఒక్క నిమిషం సార్" అంటాడు. శాలువా గాలిలో ఆగుతుంది. వెనకనుంచి డజను చేతులు వచ్చి అంచులు పట్టుకుంటాయి. సత్కారం పొందుతున్నాయన తప్ప అందరూ ఫొటోలో పడతారు. తరువాత అది మడతపడి సంచిలోకి, వచ్చే నెల ఇంకో భుజం మీదికి. కలరా ఉండల వాసన వేసే శాలువాకు మనలో చాలామందికన్నా సభానుభవం ఎక్కువ. పుస్తకం చదివి వచ్చిన ఒకే ఒక్క సమీక్షకుడి వంతు వచ్చేసరికి మాత్రం సమయాభావం అడ్డొస్తుంది.

కనుక పురపాలకులకు నా మనవి. ఇకపై కట్టే సభామందిరంలో వేదిక మూడు వందల మందికి సరిపోవాలి. కింద ఇరవై కుర్చీలు చాలు. ఏసీ పైన మాత్రమే బిగిస్తే కరెంటు ఖర్చూ కలిసివస్తుంది. ముందు వరుస మాత్రం అతిథుల కారు డ్రైవర్లకు కేటాయించాలి. వందన సమర్పణ దాకా ఊరు వదిలి పోలేనివాళ్లు వాళ్లే.