శుక్రవారం మనిషి మీద శనివారం మనిషి ఫిర్యాదు

వెట్టిచాకిరీని చట్టం ఎప్పుడో నిషేధించింది. అయినా ప్రతి వారం, నగరంలోని ప్రతి అపార్ట్‌మెంట్‌లో, వేసిన తలుపుల వెనక అది నిక్షేపంలా సాగుతూనే ఉంది. శుక్రవారం రాత్రి పదిన్నరకి ఒక మనిషి నాలుగు రంగుల పెన్నులు ముందేసుకుని కూర్చుని, పదకొండు పనుల జాబితా రాస్తాడు. చేయాల్సింది మాత్రం వాడు కాదు. మర్నాడు అదే మంచం మీద నిద్ర లేవబోయే ఇంకో అమాయకుడు. వాణ్ణి ఎవరూ అడగలేదు, వాడెక్కడా సంతకం పెట్టలేదు. పైగా ఒప్పందం రాస్తున్నప్పుడు వాడింకా పుట్టనే లేదు.

ఈ వ్యవహారంలో నేను తటస్థుణ్ణి. ఇద్దరితోనూ చిరకాల పరిచయం. ఇద్దరి చొక్కాలూ నాకు సరిపోతాయి.

ముందుగా జాబితా. ఐదున్నరకి లేవడం, పరుగు, నలభై పేజీల చదువు, బీరువా సర్దడం, ఎనిమిది నెలలుగా మొదటి పాఠం దగ్గరే ఆగిన గిటారు, ఓ పరాయి భాషలో ఇరవై కొత్త మాటలు, దూరపు స్నేహితుడికి ఫోను... మిగతావి చదువుతుంటేనే ఆయాసం వస్తోంది కాబట్టి వదిలేస్తున్నాను. గమనించాల్సిన సంగతి ఒకటుంది. శుక్రవారం మనిషి తన వాటాకి ఒక్క పని కూడా ఉంచుకోలేదు. రాసి, అండర్‌లైన్ చేసి, చాలా తృప్తిగా పడుకున్నాడు. పనంతా అయిపోయినవాడి తృప్తి అది.

శనివారం ఐదున్నరకి అలారం మోగింది. ఒక చెయ్యి దాన్ని ఆపింది. ఆ చెయ్యి ఎవరిదన్నది ఇంకా తేలలేదు. శుక్రవారం మనిషిది కాదంటే కాదు, శనివారం మనిషి ఏమో తాను తొమ్మిది నలభైకి గానీ లోకంలోకి రాలేదంటున్నాడు. వచ్చాక మాత్రం ఖాళీగా లేడు, ఆ మాట ఒప్పుకోవాలి. పొద్దున్నే లేవడం ఎలాగో చెప్పే వీడియో పదిన్నరకి పడుకునే చూశాడు. శ్రద్ధ కలిగి రెండో భాగం కూడా చూశాడు. పరుగుకి ఎలాంటి బూట్లు కొనాలో పదిహేడు జతలు పోల్చి, కాళ్లు నొప్పెట్టినంత పనై, కాసేపు నడుం వాల్చాడు. అప్పటికింకా లేవలేదు కదా అని అడక్కండి. వాల్చిన నడుమే మళ్లీ వాల్చడానికి కూడా కొంత నేర్పు కావాలి.

చేతి వాచీ మాత్రం సాయంత్రానికి నేరం రుజువు చేసేసింది. 1,146 అడుగులు. వాటిలో ఓ మూడు వందలు చార్జర్ వెతుకుతూ వేసినవి. లక్ష్యం 10,000. ఈ పదివేలు ఏ వైద్యుడి చీటీలోంచి ఊడిపడ్డాయని ఆరా తీస్తే, 1965లో జపాన్‌లో అమ్మకానికొచ్చిన అడుగులు లెక్కపెట్టే ఓ పరికరం దగ్గర తేలింది. దాని పేరు మాన్‌పోకే. అంటే పదివేల అడుగుల మీటరు. పేరు బాగుంది, సరుకు అమ్ముడైంది. అరవై ఏళ్లుగా మంచం మీదున్న ప్రతివాడూ ఆ పేరుకి బాకీ పడి ఉన్నాడు.

శుక్రవారం మనిషి తరఫు వాదన కూడా వినాలి కదా, విన్నాను. ‘నేను రాసింది అసాధ్యమైన జాబితా ఏమీ కాదు, లెక్క వేశాను’ అంటాడు. ఆ లెక్కలోనే ఉంది గుట్టు. పనికి పట్టే సమయాన్ని తక్కువగా లెక్కేసుకునే ఈ జబ్బుకి 1979లోనే డేనియల్ కానెమన్, ఏమోస్ ట్వర్‌స్కీ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు ‘ప్లానింగ్ ఫాలసీ’ అని పేరు పెట్టారు. 1994లో వెలువడిన ఒక అధ్యయనంలో, సిద్ధాంత వ్యాసం రాస్తున్న విద్యార్థుల్ని ఎన్నాళ్లలో ముగిస్తారని అడిగారు. సగటున 34 రోజులన్నారు. సరే, అన్నీ అడ్డం తిరిగితేనో? 49 అన్నారు. పట్టింది 55 దాటి. అంటే మన ఊహల్లో అన్నీ అడ్డం తిరిగిన రోజు కూడా అసలు రోజుకన్నా సాఫీగానే ఉంటుందన్నమాట. కానెమన్ స్వయంగా కూర్చున్న ఒక బృందం రెండేళ్లు అటూ ఇటూగా అయిపోతుందనుకున్న పాఠ్యపుస్తకం ఎనిమిదేళ్లకి పూర్తయింది. వైద్యుడికే ఆ జ్వరం వచ్చింది. శనివారం మనిషి అనగా ఎంత!

విచిత్రం ఏమిటంటే, ఇదంతా శుక్రవారం మనిషికి తెలుసు. చదివింది వాడే. చదివిన రాత్రే జాబితాలో పన్నెండో పనిగా ‘సమయపాలన మీద ఇంకా చదవాలి’ అని చేర్చాడు.

1926లో ఫోర్డ్ కంపెనీ తన కార్మికులకి వారానికి ఐదు రోజుల పని ఖాయం చేసింది. యజమాని అంతటివాడు రెండు రోజులు వదిలేశాడు, లాభం చూసుకునే వదిలాడనుకోండి, అది వేరే సంగతి. ఆ రెండు రోజుల్నీ శుక్రవారం మనిషి ఒక్క పెన్నుతో వెనక్కి లాగేసుకున్నాడు. ఇతగాడి దగ్గర ఓవర్‌టైం కూడా లేదు.

ఆదివారం గురించి పెద్దగా చెప్పేదేం లేదు. మధ్యాహ్నం దాకా శనివారానికి జిరాక్స్ కాపీ. సాయంత్రం ఐదింటికి కిటికీలో ఎండ పలచబడగానే ఒళ్లు ఝల్లుమంది, ఆదివారం మనిషి బీరువా తలుపు తెరిచాడు. లోపలున్నవన్నీ మంచం మీదికి చేరాయి. అందులో ఒక పాత డైరీ దొరికింది. దాని మొదటి పేజీలో పదకొండు పనుల జాబితా. పది అవే. కొత్తగా చేరింది గిటారు ఒక్కటే.

అప్పుడు ఆదివారం మనిషి చాలా పాలనా దక్షతతో ఒక నిర్ణయం తీసుకున్నాడు. ‘ఈ వారాంతం చేయాల్సినవి’ అన్న శీర్షికలో ‘వారాంతం’ కొట్టేసి ‘నెల’ అని రాశాడు. పంచవర్ష ప్రణాళికలకి లేని సిగ్గు మనకెందుకు? బట్టలన్నీ ఉండచుట్టి బీరువాలో కుక్కి, భుజంతో తలుపు మూశాడు.

ఇలా లాభం లేదని శనివారం మనిషి తరఫున నేనే రాయబారం వెళ్లాను, మళ్లీ శుక్రవారం రాత్రి పదిన్నరకి. గోడు మొత్తం చెప్పాను. సంప్రదించకుండా పని ఒప్పుకోరాదని, జాబితా మూడు పనులకి మించరాదని, అలారం తొమ్మిదికి ముందు మోగరాదని. శుక్రవారం మనిషి చాలా మర్యాదస్తుడు. ఎక్కడా అడ్డు తగల్లేదు. తల ఊపుతూ మొత్తం విన్నాడు, కళ్లు కూడా కాస్త చెమర్చాయి. ఆ తర్వాత ఎర్రపెన్ను తీసి, కొత్త పేజీలో మొదటి వరసన రాశాడు:

‘రేపు ఐదుంబావుకి లేచి, శనివారం మనిషి సమస్యల్ని తీరిగ్గా పరిష్కరించాలి.’